బర్మా కాని సముద్రం

ఆబిడ్స్‌లో ఒక ట్రావెల్ ఆఫీసులో నేను టైపిస్టుగా చేరిన రెండో ఏడు జరిగిన సంగతి ఇది. అరవైల మధ్య కాలం. మా ఆఫీసు మేడ మీద, కింద బూట్ల దుకాణం. ఓడ టికెట్లు, విమానం టికెట్లు ఇప్పించడం మా పని. దేశాల పేర్లు పొద్దంతా టైపు చేసేదాన్ని గానీ, పటంలో చూపించమంటే ఒక్కటి కూడా చూపలేకపోయేదాన్ని.

మా ఓనరును అందరూ సేఠ్ అనేవాళ్లు. పెద్దాయన, మెత్తగా మాట్లాడే మనిషి. నాంపల్లిలో ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్ నుమాయిష్‌లో ఆ ఏడు ఒక స్టాల్ తీసుకున్నాడు. ఇంకో పది రోజులకు నుమాయిష్ మొదలవుతుందనగా బొంబాయి నుంచి చెక్కపెట్టె ఒకటి వచ్చింది. తెరిస్తే అట్టలకు అతికించిన పెద్ద పెద్ద రంగుల ఫొటోలు. ఇటలీ దేశంలో, నేపుల్స్ కిందుగా, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లవి. నిటారుగా లేచిన కొండలు, వాటిని పట్టుకుని వేలాడుతున్నట్టు ఇళ్లు, అడుగున నీలంగా సముద్రం.

"ఉర్దూ చీటీలు నేను రాస్త బిడ్డా, తెలుగువి నువ్వు రాయి" అన్నాడు సేఠ్. "జనం అడిగితే నువ్వే చెప్పాలె. స్టాల్‌ల నువ్వే ఉండాలె."

ఫొటోలతో పాటు ఒక ఇంగ్లిష్ కాగితం ఉంది. ఒక్కో నంబరుకు రెండేసి వాక్యాలు. నంబర్లేమో ఫొటోల వెనక పెన్సిలుతో వేశారు. పెట్టె దారిలో ఎక్కడ తడిసిందో, సగం నంబర్లు చెరిగిపోయాయి. మిగిలిన సగంలో ఆరేదో తొమ్మిదేదో తెలియలేదు. ఏ కోటలాంటిది చూసినా కాగితంలోని మూడు వాక్యాలకు సరిపోయేటట్టు ఉంది. ఏ కొండ చూసినా ఇంకో కొండలాగే ఉంది. రెండు రోజులు వాటిని నేల మీద పరిచి ఇటునుంచి అటు మార్చాను, అటునుంచి ఇటు మార్చాను. చివరికి నాకు తోచినట్టు చీటీలు అంటించాను.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది 'వ్యూ పాయింట్' అనే మాట. కాగితంలో నాలుగైదు చోట్ల ఉంది. డిక్షనరీ చూసి 'దృశ్య బిందువు' అని రాశాను. చదివితే నాకే అర్థం కాలేదు. కొట్టేసి 'చూసే జాగ' అని రాశాను. చూడటానికి మళ్లీ ఒక జాగ ఏమిటో, దానికొక పేరేమిటో, ఎక్కడ నిలబడితే అక్కడి నుంచి కనపడదా అని అనుమానం మాత్రం పోలేదు.

మా ఇల్లు నాంపల్లి స్టేషను వెనక గల్లీలో. రెండు గదుల కిరాయి పోర్షను. నేను, అమ్మ, బాపు అని పిలిచే మా నాన్న, ఆయన తల్లి బాపమ్మ. బాపు గౌలిగూడ నుంచి బస్సు నడిపేవాడు. తక్కువ మాట్లాడే మనిషి. లడాయి టైములో, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో, మిలిటరీలో లారీ డ్రైవరుగా పనిచేశాడు. బాపు అన్న, మా పెద్దబాపు, కూడా మిలిటరీలోనే ఉండేవాడు. బర్మాలో చనిపోయాడు. నేను పుట్టేనాటికే పెద్దబాపు లేడు. అయినా ఆయన ఎలా పోయాడో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. బాపమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నది ఒడ్డున జ్వరంతో పడుకున్నాడట. బాపు పక్కనే ఉన్నాడట. నీళ్లు అడిగి తాగాడట. "మా అవ్వను మంచిగ చూసుకో" అన్నాడట. ఆ తర్వాత మాట్లాడలేదట.

"ఒక్కడే పోలే బిడ్డా. తమ్ముని చేతుల పోయిండు" అని ముగించేది బాపమ్మ ప్రతిసారీ.

అందుకని మా ఇంట్లో బర్మా అంటే పక్క ఊరులాంటిది. ఇద్దరన్నదమ్ములు వెళ్లారు, ఒకరు తిరిగొచ్చారు. ఇందులో నాకెప్పుడూ సందేహం రాలేదు.

నుమాయిష్ మొదలైంది. మా స్టాల్‌కు జనం బాగానే వచ్చారు. కొందరు కాశ్మీరా అని అడిగారు. ఒకాయన భార్యతో ఇది విశాఖపట్నమే, నేను చూసిన అని చెప్పి తీసుకుపోయాడు. ఒక కాలేజీ పిల్ల నేను 'రాజమహలు' అని రాసిన ఫొటో ముందు నిలబడి ఏ రాజుదని అడిగింది. పాత రాజుది అన్నాను. ఆ పిల్ల నన్ను ఒకసారి, ఫొటోను ఒకసారి చూసి వెళ్లిపోయింది. సిగ్గేసింది. ఆ రోజు నుంచి ఎవరైనా ఫొటో ముందు ఎక్కువసేపు నిలబడితే వెనక్కి తిరిగి సామాను సర్దుతున్నట్టు నటించేదాన్ని.

నాలుగో రోజో ఐదో రోజో, డ్యూటీ దిగి బాపు నన్ను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చాడు. ఖాకీ బట్టలతోనే ఉన్నాడు. మా పక్క పోర్షనులో ఉండే టీచరమ్మ కూడా అప్పుడే స్టాల్ చూడటానికి వచ్చి నాతో మాట్లాడుతోంది. నేను సామాను సర్దుతూ "జర కూసో బాపూ" అన్నాను. ఆయన కూర్చోలేదు. ఫొటోలు చూస్తూ ఒక్కొక్కటే దాటుతున్నాడు. 'రాజమహలు' దగ్గర ఆగాడు.

"ఇది మహలు కాదు బిడ్డా" అన్నాడు. "చర్చి. గా మెట్లు చూడు. గా మెట్ల మీద కూసొని మేము రొట్టె తిన్నం."

ఆయన ఏదో పరాకుగా అంటున్నాడనుకున్నాను. ఆయన పక్క ఫొటోకు జరిగాడు. దానికి నేను 'కోట' అని రాశాను.

"ఇది కోట కాదు. బురుజు. పాతకాలంల సముద్రం మీదికెళ్ళి దొంగలు వచ్చెటోళ్లంట. వాళ్లు దూరంనుంచి కనపడుతరని కట్టుకున్నరు. ఒడ్డు పొడుగూత గిట్లాంటివే ఉంటయి, ఒకటి ఒకదానికి కనపడేటట్టు." వేలితో కొండ పక్కన సన్నని గీతను చూపించాడు. "ఇది సడకు. ఎదురుంగ బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలె. ఒక దిక్కు కొండ, ఒక దిక్కు గాలి. గీ మెట్టు మెట్టు తోటలున్నయి చూడు, నిమ్మ తోటలు. ఒక్కో నిమ్మకాయ టెంకాయంత ఉంటది."

టీచరమ్మ నవ్వుతూ, "మీరు గక్కడికి కూడా పోయిన్రా అన్నా?" అంది.

"ఔ. లడాయిల ఏడాదిన్నర గీ దేశంలనే ఉన్న" అన్నాడు బాపు.

అని, మరో ఫొటోకు జరిగాడు. సడకు మలుపులో కొండ కొస మీద అర్ధచంద్రంలాగా కట్టిన పొట్టి గోడ, అవతల అంతా సముద్రం. నేను 'చూసే జాగ' అని రాసింది దాని కిందనే. గోడను చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత "పోదాం పా" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆయన వెనక నడుస్తుంటే నాకు ఒకటే ఆలోచన. ఏడాదిన్నర ఇటలీలో ఉంటే బర్మాలో ఎప్పుడు ఉన్నాడు? ముందా, తర్వాతా? వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టి చూశాను. పెద్దబాపు పోయిన ఏడు, బాపు తిరిగొచ్చిన ఏడు నాకు తెలుసు. ఎటునుంచి లెక్కపెట్టినా ఒక మనిషికి రెండు చోట్ల ఉండే వీలు లేదు. బాపు అబద్ధమాడే మనిషి కాదు. మరి ఏది అబద్ధం? ఇందాక విన్నది నిజమైతే, ఇంట్లో ఇన్నేళ్లూ నేను విన్నది ఏమిటి? స్టేషను దాకా వచ్చాక అడిగాను.

"బాపూ, నువ్వు బర్మాల లేవా?"

"ఆదివారం చెప్త" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం పబ్లిక్ గార్డెన్‌కు పోయాం. బెంచీ మీద కూర్చున్నాం. తర్వాత ఆయన చెప్పిన మాటలు ఇప్పటికీ దాదాపు అలాగే గుర్తున్నాయి.

"అన్న ముందు పోయిండు. తర్వాత ఏడు నేను మిలిటరీల పేరు రాయించుకున్న. నన్ను బొంబాయిల ఓడ ఎక్కించి మిసర్‌కు, గదే ఈజిప్టుకు, గాడికెళ్ళి ఇటలీకి తీస్కపోయిన్రు. ఉత్తరాలల్ల ఏ దేశంల ఉన్నమో రాయొద్దు. రాస్తే కొట్టేస్తరు. నేను బాగున్న అని రాసెటోన్ని, గంతే. అవ్వకు లడాయి అంటే బర్మనే. అన్న గాడ ఉన్నడు కాబట్టి నేనూ గాన్నే ఉన్ననని అనుకున్నది."

"మరి పెద్దబాపు?"

"ముందు అన్న కనపడుతలేడని కాగితం వచ్చింది. తర్వాత పోయిండని ఇంకోటి వచ్చింది. ఎట్ల పోయిండు, ఏడ పోయిండు, ఏమీ లేదు. నాకు గదంతా ఇంటికొచ్చినంక వాకిట్లనే తెలిసింది. నేను సంచి భుజం మీదికెళ్ళి దించలే. అవ్వ నా రెండు చేతులు పట్టుకొని, అన్నను చూసినవా రా అని అడిగింది. నేను..." ఆగాడు. "చూసిన అని చెప్పిన."

ఆయన బెంచీ మీద రాలిన ఆకును తీసి పక్కన పెట్టాడు.

"ఒక్కమాటనే అనుకున్న. గని చూసిన అంటే ఏం చూసినవో చెప్పాలె కద. ఏమన్నడు, ఏం తిన్నడు, ఏడ పడుకున్నడు. అడుగుతనే ఉన్నది. చెప్పుతనే పోయిన."

"అంటే నది ఒడ్డు, జ్వరం, నీళ్లు, అవన్నీ నువ్వే అల్లినవా?"

"నది అల్లిన. తక్కినయి కావు" అన్నాడు బాపు.

అప్పుడు చెప్పాడు. ఆయన లారీలో రెండో డ్రైవరు ఒకాయన ఉండేవాడట. మద్రాసు వైపు మనిషి. ఇద్దరికీ భాష సరిగ్గా కలవదు. సగం తెలుగు, సగం సైగలు. ఒకరోజు ఆ కొండ సడకు మీద పోతుండగా ఆయనకు జ్వరం ఎక్కువై వణుకు మొదలైంది. దవాఖాన ఇంకా రెండు మలుపులు దాటితేనే వస్తుంది. ముందు ఇంకో లారీ చెడిపోయి దారి మూసుకుపోయింది. బాపు ఆయన్ను దించి, ఆ అర్ధచంద్రం గోడ నీడన పడుకోబెట్టాడు. కింద తోటలోంచి ఒక ముసలామె వచ్చి చెంబులాంటి దానిలో నిమ్మకాయ నీళ్లు ఇచ్చింది. ఆయన తాగాడు. "మా అమ్మను చూసుకో" అన్నాడు. దారి తెరుచుకునే లోపలే పోయాడు.

"ఆయన వాళ్లమ్మది ఏ ఊరో నాకు తెల్వదు" అన్నాడు బాపు. "అడుగుదాం అడుగుదాం అనుకున్న. నన్ను వేరే దిక్కు పంపిన్రు. గా మాటలు నా దగ్గర ఉండిపోయినయి. ఎవరో ఒక తల్లికి చేరాలె కద. మా అవ్వకు చెప్పిన."

ఆయన తప్పు చేశాడా? అక్కడ బెంచీ మీద కూర్చుని నేను తేల్చుకోలేకపోయాను. బాపమ్మ మీద జాలి వేసింది. బాపు మీద కోపం రావాలనిపించింది గానీ రాలేదు. ఏ ఊరో కూడా తెలియని ఆ మద్రాసు ఆయన తల్లి గుర్తొచ్చింది. ఆమెకు దక్కాల్సిన మాటల్ని మేము ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో చెప్పుకుంటున్నాం. పెద్దల పండగ పూట పెద్దబాపు పేరున విస్తరి వేస్తున్నాం గానీ, ఆ మద్రాసు ఆయన పేరున వేయడం లేదు.

"బాపమ్మకు చెప్తవా?" అన్నాను.

"ఇప్పుడు చెప్పి ఏం చేద్దునే?"

చెప్పాల్సిన అవసరం వేరే రకంగా వచ్చింది. టీచరమ్మ ఊరికే మాటల్లో బాపమ్మతో అనేసింది. మీ కొడుకు నుమాయిష్‌ల ఫొటో చూపెట్టి, లడాయిల గీడనే ఉన్న అన్నడు, సముద్రం ఎంత మంచిగున్నదో అని. ఆ సాయంత్రం బాపమ్మ నన్ను పిలిచింది.

"నుమాయిష్‌ల ఆడోళ్ల రోజు ఎప్పుడు బిడ్డా? నన్ను తీస్కపో. మీ పెద్దబాపు ఉన్న జాగ ఫొటో ఉన్నదంట కద."

బాపు వచ్చాక వాకిట్లోనే ఆపి చెప్పాను. ఏం చెప్పమంటావని అడిగాను. ఆయన చెప్పులు విప్పుతూ వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"నాకు తెల్వదు" అన్నాడు. "నీకు ఏది తోస్తే గది చెప్పు."

ఆడవాళ్ల రోజున రిక్షా మాట్లాడుకుని బాపమ్మను తీసుకుపోయాను. ఆమె ఉతికిన తెల్ల చీర కట్టుకుంది, తల నున్నగా దువ్వుకుంది. గుడికి పోతున్నట్టు ఉంది. దారి పొడుగునా నేను రెండు మాటలు సిద్ధం చేసుకుంటూ వచ్చాను. ఒకటి నిజం, ఒకటి కాదు. రిక్షా ఒక కుదుపు కుదిపితే ఇది చెబుదామనిపించేది, ఇంకో కుదుపుకు అది.

స్టాల్‌లో చర్చి ఫొటో చూసింది. బురుజు చూసింది. వాటి కింద నేను కొత్త చీటీలు అంటించాను, బాపు చెప్పినట్టు. బాపమ్మకు చదువు రాదు. అర్ధచంద్రం గోడ దగ్గరికి వచ్చి తనంతట తనే ఆగిపోయింది. నేను చూపించలేదు. అది నాకు కచ్చితంగా గుర్తుంది.

"గీడనేనా?" అంది.

నేను సిద్ధం చేసుకున్న రెండు మాటలూ పోయాయి. "ఔ బాపమ్మా, గీడనే" అన్నాను.

ఆమె ముఖం ఫొటోకు దగ్గరగా పెట్టి చూసింది. చెయ్యి చాపి ఆ గోడ వెంబడి వేలు నడిపింది, ఈ కొస నుంచి ఆ కొస దాకా.

"నది అన్నడు కద మీ బాపు. ఇది సముద్రం."

నేను నేల చూపు చూశాను. వెనక జనం నిలబడి ఉన్నారు. ఎవరో పిల్ల ముందుకు తోసుకుంటోంది. బాపమ్మ అటు ఇటు కదల్లేదు.

"నీడ ఉన్నది" అంది. "గోడ కూడ ఉన్నది ఆనుకునేటందుకు." ఇంకాస్త ఆగి, "మంచి జాగనే" అంది.

ఆమె ఏం అర్థం చేసుకుందో నాకు తెలియలేదు. ఇది బర్మా కాదని తెలిసిందా? తెలిసి, ఎవరి కోసం ఆ మాట అంది? తిరుగు రిక్షాలో ఆమె ముఖం చూస్తూ వచ్చాను. గల్లీ మొదట్లో అరటిపళ్లు కొనమంది. కొన్నాను. ఇంటికొచ్చాక బాపు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆ రోజు డ్యూటీ మానేశాడు. బాపమ్మ ఆయన చేతిలో ఒక అరటిపండు పెట్టింది.

"చూసొచ్చిన రా" అంది. "తిను."

ఇక ఆ సంగతి వాళ్లిద్దరూ మళ్లీ నా ముందు ఎత్తలేదు. కానీ ఆ రోజు తర్వాత పెద్దబాపు పోయిన కథ బాపమ్మ చెప్పడం నేను వినలేదు. టీచరమ్మ ఒకసారి అడిగితే, "ఎన్నిసార్లు చెప్తం అమ్మా" అని మాట మార్చింది.

ఆ ఎండాకాలంలో బాపు మా ఆఫీసుకు వచ్చాడు. అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. మేడ మెట్లెక్కి, టోపీ చేతిలో పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు. ఒక ఉత్తరం టైపు చేయమన్నాడు. మిలిటరీ రికార్డుల ఆఫీసుకు. తనతో లారీ నడిపిన మనిషి ఊరు, ఆయన తల్లి ఉందో లేదో తెలపమని. ఆ మనిషి పేరు చెప్పాడు. ఇంటిపేరు తెలియదు, నంబరు తెలియదు. ఎడమ కనుబొమ మీద మచ్చ ఉంటుందని కూడా రాయమన్నాడు. అలాంటివి రాయరు బాపూ అన్నాను. రాయి అన్నాడు. రాశాను.

జవాబు రావడానికి చాలా నెలలు పట్టింది. ఆ పేరుతో చాలామంది ఉన్నారనీ, నంబరు లేనిదే ఏమీ చెప్పలేమనీ వచ్చింది. మళ్లీ రాశాం, ఆ కొండ సడకు గురించీ, జ్వరం గురించీ వివరంగా. రెండోదానికి జవాబు రాలేదు. ఆ ఏడు నుంచి పెద్దల పండగకు బాపు మాట మీద అమ్మ ఇంకో విస్తరి ఎక్కువ వేసేది. ఎవరికని బాపమ్మ అడగలేదు. ఆ విస్తరిలో ముందుగా అన్నం ఆమే పెట్టేది.

బాపమ్మ డెబ్బైల మొదట్లో పోయింది. బాపు రిటైరయ్యాడు. నాకు పెళ్లయి కాచిగూడకు వచ్చాను. నా కొడుక్కు ఐదారేళ్లప్పుడు ఒకరోజు వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని బాపు లడాయి కథ చెబుతున్నాడు. వంటింట్లోంచి విన్నాను. అందులో బర్మా ఉంది. అన్నదమ్ములిద్దరూ ఉన్నారు. కొండ మీద గోడ ఉంది. ముసలామె నిమ్మకాయ నీళ్లు తెచ్చింది, పెద్దబాపు తాగాడు. నేను పిండి చేతులతోనే గుమ్మం దాకా వచ్చాను. ఆయన కావాలని చెబుతున్నాడా, ఆయనకే కలిసిపోయిందా అని ముఖంలోకి చూశాను. ఆయన నన్ను చూసి మామూలుగానే చెప్పుకుపోయాడు.

ఇప్పుడు మా వాళ్లు ఎవరైనా అడిగితే బాపు ఇటలీలో పనిచేశాడనే చెబుతాను. చెప్పాక, అది నిజమే అయినా, పెద్దబాపును నేనే ఒంటరిగా వదిలేసినట్టు కాసేపు మనసులో గుచ్చుతూనే ఉంటుంది.